‘ఒరిజినల్’ అంటే టాప్ వేరియంట్ అని కాదు!

సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనం ముందు ఏం చూస్తాం? బాక్స్ మీద ఐఎంఈఐ, ఫోన్‌లో ఐఎంఈఐ ఒకటేనా అని. డిస్‌ప్లే మార్చారా అని. అమెరికాలో 1960ల నాటి మజిల్ కార్లు కొనేవాళ్లదీ ఇదే టెన్షన్. కాకపోతే అక్కడ మోసపోతే పోయేది మామూలు డబ్బు కాదు.

ఎందుకంటే ఆ కార్లకు అసలు విలువ తెచ్చింది ఫ్యాక్టరీ ఆప్షన్లే. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ మొదట్లో వేరే మోడల్ కూడా కాదు, టెంపెస్ట్ లెమాన్స్‌కి ఒక ఆప్షన్ ప్యాకేజీ, అంతే. 1969 షెవర్లే కమారోనే తీసుకోండి. అదే బాడీలో సాదాసీదా సిక్స్ సిలిండర్ ఇంజిన్ వచ్చేది. అదే బాడీలో 427 క్యూబిక్ ఇంచ్‌ల అల్యూమినియం జెడ్‌ఎల్1 ఇంజిన్ కూడా వచ్చింది. ఈ రెండోది కోపో అనే స్పెషల్ ఆర్డర్ పద్ధతిలో తయారైంది. మొత్తం 69 కార్లే!

ఇక్కడే చిక్కు. ఆ కమారో విన్ నంబర్ చూస్తే ఇంజిన్ సిక్స్ సిలిండరా, వీ8నా అన్నంత వరకే తెలుస్తుంది. ఎస్‌ఎస్ ప్యాకేజీనా, జెడ్/28నా అన్నది అందులో ఉండదు. అదే 1970 డాడ్జ్ ఛాలెంజర్ అయితే విన్‌లో ఐదో అక్షరం ‘ఆర్’ ఉంటే చాలు, అది 426 హెమీ అని అర్థం. ఫోర్డ్‌కి 1967 నుంచి రికార్డులు దొరుకుతాయి, పాంటియాక్‌కీ దొరుకుతాయి. షెవర్లే ఓనర్లు మాత్రం సీటు కింద, పెట్రోల్ ట్యాంక్ మీద నలిగిపోయిన బిల్డ్ షీట్ కోసం వెతుక్కోవాల్సిందే.

ఈ సందులోంచే మోసం దూరుతుంది. ఇంజిన్ బ్లాక్ మీద కారు విన్‌లోని కొన్ని అంకెలు కొట్టి ఉంటాయి. అవి కలిస్తే ‘నంబర్స్ మ్యాచింగ్’ అంటారు, రేటు ఎక్కడికో వెళ్తుంది. కొందరు ఆ చోటు అరగదీసి, కావలసిన అంకెలు మళ్లీ కొడతారు. ఐఎంఈఐ మార్చడానికీ దీనికీ తేడా ఏముంది చెప్పండి?

నా మాట ఒక్కటే. ఒరిజినల్ అంటే ఆ కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికొచ్చిందో అలా ఉండటం. అంతేగానీ లిస్టులో అన్నిటికన్నా ఖరీదైన ఆప్షన్ ఉండటం కాదు. ఎవరో స్కూల్ టీచర్ ఆఫీసుకీ ఇంటికీ తిరగడానికి కొనుక్కున్న సిక్స్ సిలిండర్ కమారో కూడా జెడ్‌ఎల్1 అంత ఒరిజినలే. కానీ అలాంటి సాదా కార్లనే విప్పేసి ఎస్‌ఎస్‌లుగా మార్చేస్తున్నారు. ఆ రోజుల్లో మామూలు జనం నిజంగా ఏం నడిపారో చెప్పే సాక్ష్యాలు ఇలాగే ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి.

“నా కారు, నా ఇష్టం” అంటారా? నిజమే. పెద్ద ఇంజిన్ వేసుకోండి, గీతలు గీసుకోండి, హ్యాపీగా నడుపుకోండి. కాకపోతే అమ్మేటప్పుడు ‘ఇది క్లోన్’ అని నోరు తెరిచి చెప్పండి, తీసేసిన పాత ఇంజిన్‌ని పారేయకుండా దాంతోపాటే ఇవ్వండి. చెప్పి అమ్మిన క్లోన్ ముచ్చటైన కారు. చెప్పకుండా అమ్మితే అది దొంగ సరుకే, పెయింట్ ఎంత మెరిసినా సరే!