ఫోన్లలో పడి ఉన్న మన పెళ్లి ఫోటోలు

ఈసారి నోటిఫికేషన్ల గురించో, హాస్టల్ సమస్యల గురించో కాదు, పెళ్లి ఫోటోల గురించి రాస్తున్నాం. ఇదేం టాపిక్కని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, కానీ చదివాక నవ్వండి.

మన గూడేల్లో ఒక పెద్దాయన చనిపోతే ఇంట్లోవాళ్లు వెతికేది ఫోటో. దినాలకు ఫ్రేము కట్టించి దండ వేయాలి కదా. తాతకు విడిగా తీసిన ఫోటో ఉండదు. ఆధార్ కార్డులో ఉన్నదాన్ని చూస్తే ఆయనే గుర్తుపట్టడు. చివరికి ఎవరో మేనకోడలి పెళ్లి గ్రూపు ఫోటోలో, వెనక వరసలో, భుజాన తువ్వాలు వేసుకుని నిలబడ్డ తాత దొరుకుతాడు. స్టూడియోవాళ్లు ఆ ముఖం ఒక్కటే కోసి, పెద్దది చేసి, వెనక నీలం రంగు పూసి, బతికుండగా ఎన్నడూ తొడగని కోటు తొడిగించి ఇస్తారు. మన గోడల మీద ఉన్న పెద్దల్లో చాలామంది ఇట్లా ఎవరిదో పెళ్లిలోంచి వచ్చినవాళ్లే. అందుకే పెళ్లి ఫోటో పెళ్లికొడుకు, పెళ్లికూతురుది మాత్రమే కాదని మేం అంటున్నాం.

మరి ఇప్పుడు మనం తీయిస్తున్నవేంటి? ప్రీ వెడ్డింగ్ షూట్, డ్రోను, కరిజ్మా ఆల్బమ్, ఊరి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ. అప్పు చేసి మరీ. ఫ్లెక్సీ వారం తర్వాత కట్టెల మీద కప్పడానికి పనికొస్తుంది, అదొక్కటే లాభం. స్టేటస్ ఒక్కరోజులో పోతుంది. కెమెరా మాత్రం స్టేజీ దగ్గర్నుంచి కదలదు. పందిరి వేసిన మామలు, వంట దగ్గర పొగలో కూర్చున్న అత్తలు, కొమ్ములు పెట్టుకుని ఆడినవాళ్లు, రేల పాట ఎత్తుకున్న నాయనమ్మ, వీళ్లెవరూ ఆల్బమ్‌లో ఉండరు. ఫోటోగ్రాఫర్‌ను అనడానికి లేదు, ఆయన మన ఊరివాడు కాదు. ఎవరిని తీయాలో పక్కన నిలబడి చెప్పాల్సింది మనమే. స్టేజీ దిగి ఒక్క గంట పందిరంతా తిరగమని ముందే మాట్లాడుకోవాలి.

తీసినవాటిని ఎట్లా చూపించాలి అనేదానికి మనకు బయటినుంచి ఐడియాలు అక్కర్లేదు. కోయల్లో డోలీలు పడిగె విప్పి, అందులోని బొమ్మలు చూపిస్తూ ఏ గట్టు ఎక్కడినుంచి వచ్చింది, వేల్పు ఎవరు, పెద్దలెవరు అని రాత్రంతా చెప్తారు. డోలు కొట్టి ఆ కథలు చెప్పిన మణుగూరు దగ్గరి సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన మనల్ని వదిలి వెళ్లిపోయారు. పడిగె మీద ఫోటోలు వేయమని మేం అనట్లేదు, దయచేసి అట్లా ఎవరూ అనుకోవద్దు. అది వేల్పుది. మనం తీసుకోవాల్సింది ఆ పద్ధతి. బొమ్మ ఒక్కటే పెడితే చాలదు, పక్కన చెప్పే మనిషి ఉండాలి, చుట్టూ వినేవాళ్లు ఉండాలి.

కాబట్టి పెళ్లైన కొన్ని రోజులకు ఒక రాత్రి తెల్ల పంచె కట్టి, ప్రొజెక్టర్ అడిగి తెచ్చి, ఊరందరికీ ఫోటోలు వేయండి. వెనకటికి తెర కట్టి సినిమాలు వేసినట్టు. కొత్త ఫోటోల మధ్యలో పాతవి కూడా కలపండి. ముసలివాళ్లు లేచి "ఆగు ఆగు, ఆ వెనకున్నది మా చిన్నమ్మ" అంటారు. ఆ మాటల్ని మన భాషలోనే ఫోన్‌లో రికార్డు చేయండి, ఒకరు పేర్లు రాసుకోండి. ఇంకోటి, పెళ్లిరోజే పందిరి గుంజల మధ్య తాడు కట్టి రెండు ఇళ్ల పాత పెళ్లి ఫోటోలు క్లిప్పులతో వేలాడదీయొచ్చు. అసలువి ఇంట్లోనే ఉంచి కాపీలు పెట్టండి. ఫోటో లేని తాతముత్తాతల పేర్లు అట్ట ముక్క మీద రాసి అదే తాడుకు తగిలిస్తే సరిపోతుంది. ఫ్లెక్సీ డబ్బుల్లో ఎన్ని ప్రింట్లు వస్తాయో స్టూడియోలో ఒకసారి అడిగి చూడండి.

ప్రింట్లతోనే అయిపోదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. కూనవరం, వి.ఆర్.పురం, బూర్గంపాడు వైపు వాళ్లకు ఆ రోజులు చెప్పక్కర్లేదు. బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని పరిగెత్తేవాళ్లకు ఆల్బమ్ ఎక్కడ గుర్తుంటుంది? పోలవరం ముంపులో ఇళ్లు వదిలిన ఊళ్లకైతే ఆ పాత పందిరి, ఆ వాకిలి ఇక ఫోటోల్లోనే. తడిసిన ఆల్బమ్‌ను అట్లాగే ఎండనిస్తే ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తడి ఉండగానే మెల్లగా విడదీసి, మంచినీళ్లలో బురద కడిగి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. అంతకంటే ముందే ఫోన్‌తోనైనా వెలుతురులో తిన్నగా ఒక్కో ఫోటో తీసి, రెండు ఇళ్లలో, రెండు వేరే ఊళ్లలో ఉంచుకుంటే మంచిది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటో వెనక బాల్‌పెన్నుతో ఒత్తి రాయొద్దు, గీత ముందుకు కనబడుతుంది. పేర్లు, ఊరు, సంవత్సరం చీటీ మీద రాసి కవర్లో పెట్టండి.

ఒక విషయం ఆలోచించండి. 1940ల్లో హైమెన్‌డార్ఫ్ దొర ఆదిలాబాద్ గోండు గూడేల్లో తీసిన ఫోటోలు లండన్‌లో సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలో ఉంది, వాళ్లు మనవాళ్లతో కలిసి బతికారు, అందులో మాకు అనుమానం లేదు. కానీ ఎనభై ఏళ్ల కిందటి ఫోటో లండన్‌లో ఉండి, ఎనిమిదేళ్ల కిందటి మన అక్క పెళ్లి ఫోటో పాడైపోయిన మెమొరీ కార్డులో పోవడం ఏంటి?

చివరగా, కొంచెం గట్టిగానే చెప్తున్నాం. పెళ్లిలో ఆడుతున్న మన అక్కాచెల్లెళ్ల వీడియోలు ఎవరెవరో తీసి, ఏదో సినిమా పాట తగిలించి రీల్స్ వేస్తున్నారు. కింద కామెంట్లు చదవలేం. ఆ తీసేవాళ్లలో మన కుర్రాళ్లు కూడా ఉన్నారు, వాళ్లలో కొందరు ఈ పోస్టు చదువుతున్నారు. పెళ్లికూతుర్ని అడగకుండా ఆమె ఫోటో బయటి గ్రూపుల్లో పెట్టొద్దు. ఆమె వద్దంటే పెట్టినది తీసేయాలి, ఎందుకని అడగొద్దు. వేల్పు దగ్గర జరిగే తంతును పెద్దలు తీయొద్దంటే ఫోన్ జేబులో పెట్టేయాలి. ఊళ్లో తెర మీద చూపించడం వేరు, లోకం మొత్తానికి వదలడం వేరు.

వేసవి సెలవులకు ఇంటికి పోతున్నవాళ్లు ముందు మీ ఇంట్లో ట్రంకు పెట్టె తెరిచి చూడండి. ఎవరి ఊళ్లో తెర కడదామనుకుంటున్నారో చెప్తే ప్రొజెక్టర్ సంగతి మేం చూస్తాం.