కంప్యూటరుకు నోరు పడిపోతే



గత మాసంలో ఒక సోమవారం ఉదయం బాగ్ అంబర్‌పేట నుండి ఒక మాస్టారు మాకు ఫోను చేశారు. "అయ్యగారూ, నా కంప్యూటరుకు నోరు పడిపోయింది. రాత్రి నుండి ఉలుకూ పలుకూ లేదు" అన్నారు. నవ్వబోయి ఆగిపోయాము. మాస్టారికి చూపు పోయి చాలా ఏండ్లయింది. కంప్యూటరులో శబ్దం పోతే మనకు పాట పోతుంది, అంతే. ఆయనకు కంప్యూటరే పోతుంది. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్.వి.డి.ఏ. అనే ప్రోగ్రాముతోనే ఆయన ఉత్తరాలు, వార్తలు, బ్యాంకు లెక్కలు చూసుకుంటారు. దానిని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు మొదలుపెట్టాడు. వెల లేదు, తెలుగు కూడా చదువుతుంది, కాకపోతే గొంతు కాస్త ఇనుపగొంతు.

వెళ్లి చూశాము. స్పీకర్ల దీపం వెలుగుతున్నది. మీట పూర్తిగా తిప్పి ఉన్నది. కంప్యూటరు వెనుక ఆకుపచ్చ రంధ్రంలో తీగ సరిగానే ఉన్నది. (ముందువైపు రంధ్రాన్ని నమ్మకండి. కొన్ని డబ్బాల్లో దానికి లోపల తీగే కలిపి ఉండదు.) గడియారం ప్రక్కన ఉండే స్పీకరు బొమ్మ నొక్కితే వాల్యూము నూరు చూపుతున్నది. ఇక స్పీకర్లే కాలిపోయాయని తీర్మానించి, సంచిలో వేసుకొని కోఠీ గుజరాతీ గల్లీకి పోయాము. దుకాణం కుర్రవాడు వాటిని తన ఫోనుకు తగిలించగానే గల్లీ అంతా మ్రోగింది. డబ్బులు తీసుకోకుండా పంపించాడు. వచ్చిన దారినే తిరిగి వచ్చాము.

అప్పుడు మాస్టారే మెల్లగా అడిగారు: "నిన్న మా అబ్బాయి మనుమల చదువుకని కొత్త మానిటరు బిగించాడు. దాని వలన ఏమైనా...?"

ఆ ప్రశ్న మేము ముందే అడగవలసినది. పాత మానిటరు తీగ బొమ్మను మాత్రమే మోసేది. ఇప్పటి హెచ్.డి.ఎం.ఐ. తీగ బొమ్మను, శబ్దాన్ని కలిపి మోస్తుంది. అది తగిలించగానే కంప్యూటరు మానిటరును కూడా ఒక స్పీకరుగా లెక్కించి, తరచు శబ్దమంతా అటే పంపుతుంది. ఆ మానిటరులో స్పీకర్లే లేవు! వాల్యూము ఎంత పెంచినా శబ్దం గోడకు చెప్పినట్లే. స్పీకరు బొమ్మ నొక్కి, ప్రక్కనున్న బాణం గుర్తు నొక్కితే శబ్దం పోగల చోట్ల పేర్లు వస్తాయి. అందులో "స్పీకర్స్" ఎన్నుకున్నాము. గొంతు తిరిగి వచ్చింది. మాస్టారు మాతో ఏమీ అనలేదు. కుర్చీ ముందుకు జరుపుకొని, కూతురి ఉత్తరం తెరిచి వినసాగారు.

ఇంకొక ఫిర్యాదు కూడా చెప్పారు. కంప్యూటరులో ఫోను మాట్లాడేటప్పుడు చదివే గొంతు సన్నగిల్లిపోతుందట. ఇది చెడిపోవడం కాదు. సంభాషణ మొదలైతే తక్కిన శబ్దాలను 80 శాతం తగ్గించడం విండోస్‌లో ముందుగానే అమర్చిన పద్ధతి. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్, అందులో కమ్యూనికేషన్స్ తెరిచి "డూ నథింగ్" అని పెడితే ఆ గొడవ పోతుంది. ఒక్క ప్రోగ్రాము మాత్రమే మూగబోతే వాల్యూమ్ మిక్సరులో చూడండి. అక్కడ ఒక్కొక్క ప్రోగ్రాముకు విడిగా మీట ఉంటుంది. కంప్యూటరులో సగం, ప్రోగ్రాములో సగం పెడితే మీ చెవికి చేరేది పావు వంతే గనుక, లోపలివి బాగా పెంచి, స్పీకరు మీటతో తగ్గించుకొనుట మేలు. తిరగబెడితే బుస్సుమనే రొద కూడా పెరుగుతుంది.

లేవబోతుంటే మాస్టారు చేయి పట్టుకున్నారు. "అంతా బాగుంది అయ్యగారూ. మళ్లీ పోతే? ఆ పేర్ల పట్టీ చదివి చెప్పవలసినది కూడా ఆ గొంతే కదా."

జవాబు కొంతసేపటికి గాని తోచలేదు. ఆయనకు మానిటరుతో పని లేదు. ఆ తీగ ఊడదీస్తే శబ్దం తనంతట తానే స్పీకర్లకు మళ్లుతుంది. పరీక్షించి చూశాము, మళ్లింది. వెనుక ఉన్న తీగలన్నిటిలో అదేదో వ్రేళ్లకు తెలియడానికి మొదట్లో ముడినూలు చుట్టి మూడు ముళ్లు వేశాము.

పదిరోజులకు ఫోను వచ్చింది. మళ్లీ మూగబోయిందట, నూలు వెదికి తీగ లాగారట, పలికిందట. మనుమడు మాత్రం తెర నల్లబడిందని ఏడుస్తున్నాడట.