క్రాషేగా, కన్నం కాదుగా!

ఓపెన్‌బీఎస్‌డీ అని ఒక ఆపరేటింగ్ సిస్టం ఉంది. మీలో చాలామంది దాని పేరు విని ఉండకపోవచ్చు గానీ, ఆ జనమే రాసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లేకపోతే మా కన్సల్టెంట్ల జాతికి పూట గడవదు. కెనడాలో కాల్గరీ ఊళ్ళో ఉండే థియో డి రాట్, నెట్‌బీఎస్‌డీ వాళ్ళతో పడక బయటికొచ్చి 1995లో పెట్టిన వేరుకాపురం ఇది. ఆర్నెల్లకో విడుదల. చివరి రెండు విడుదలలకే ప్యాచ్‌లిస్తారు, అంతకన్నా పాతది వాడుతుంటే మీ ఖర్మ అన్నమాట. ప్రతి ప్యాచ్‌కీ ఒక వరస నంబరు, ఒక తేదీ, ముందు ఒక ముద్ర ఉంటాయి. ఆ ముద్రల్లో ఎక్కువగా కనిపించేవి రెండే. సెక్యూరిటీ ఫిక్స్, రిలయబిలిటీ ఫిక్స్. మొదటిది దొంగలు కన్నం వెయ్యకుండా. రెండోది మిషను దానంతటది కుప్పకూలిపోకుండా.

నా పేచీ అంతా ఆ ముద్ర గురించే. వేసినవాళ్ళతో కాదు, అది చూసి పని వాయిదా వేసేవాళ్ళతో.

ప్రస్తుతం నేను పనిచేస్తున్న క్లయింటు దగ్గర (పేరు చెప్పను, ఇంకా వాళ్ళు చెక్కు ఇస్తున్నారు) ఫైర్‌వాళ్ళన్నీ ఓపెన్‌బీఎస్‌డీ మీదే నడుస్తాయి. సర్వర్లు లినక్సు. ఏ మార్పు చెయ్యాలన్నా ఒక ఫారం నింపాలి. అందులో ఒక గడి ఉంటుంది, ఇది భద్రత కోసమా, స్థిరత్వం కోసమా అని. భద్రత అని కొడితే ఈ శనివారం రాత్రికి అనుమతి. స్థిరత్వం అని కొడితే వచ్చే త్రైమాసికానికి. "ఇప్పుడేం క్రాషవ్వట్లేదుగా, తొందరేముంది?" అనేది ప్రామాణిక సమాధానం. వినడానికి ఎంత సబబుగా ఉంటుందో చూడండి! మీటింగులో పదిమందీ తలూపుతారు.

ఆ గడిని సృష్టించిన మహానుభావుడెవరో గానీ, 2007లో ఏం జరిగిందో ఆయనకి తెలిసుండదు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో కోర్ సెక్యూరిటీ అనే కంపెనీ వాళ్ళు ఓపెన్‌బీఎస్‌డీలో ఐపీవీ6 ప్యాకెట్లని పట్టుకునే చోట ఒక తప్పు కనిపెట్టి, విషయం చేరవేశారు. నెట్‌వర్కు నుంచి వచ్చే డేటాని కెర్నెల్ చిన్న చిన్న డబ్బాల్లో పెట్టుకుంటుంది, వాటిని ఎంబఫ్‌లంటారు. ఒక రకంగా ముక్కలు చేసిన ప్యాకెట్లు పంపిస్తే డబ్బాలో పట్టనంత డేటా పక్కకి పొర్లిపోతోంది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు గబగబా సరిచేశారు, ఆ విషయంలో వంక పెట్టక్కర్లేదు. కానీ ముద్ర దగ్గరికొచ్చేసరికి, ఇది మిషనుని పడగొడుతుంది అంతే, లోపలికి దూరడానికి పనికిరాదు అనుకుని రిలయబిలిటీ ఫిక్స్ అని వేశారు. కోర్ వాళ్ళు ఊరుకోలేదు. మార్చిలో, అదే తప్పుని వాడుకుని కెర్నెల్ లోపల తమ కోడు నడిపించి చూపించారు. అప్పుడు ముద్ర మారింది, సెక్యూరిటీ ఫిక్స్ అయింది. దాంతోపాటు ఆ ప్రాజెక్టు వాళ్ళు గర్వంగా చెప్పుకునే వాక్యం కూడా మారింది. డిఫాల్ట్ ఇన్‌స్టాల్‌లో బయటినుంచి దూరగల కన్నం ఇన్నేళ్ళలో ఒక్కటే అని ఉండేది. ఒక్కటి కాస్తా రెండయింది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆ కొద్దిరోజుల్లో తప్పు మారలేదు. అదే కోడు, అదే పొర్లడం. మారింది దాన్ని చూసిన మనిషికి ఉన్న ఓపిక. ప్రపంచంలో భద్రత మీద అంత పట్టుదల ఉన్న బృందమే, వాళ్ళ కోడుని వాళ్ళే చూసుకుని, ఇది క్రాషేలే అనుకుంది. అలాంటిది, మా చేంజ్ మీటింగులో కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్న ప్రాజెక్టు మేనేజరు అరనిమిషంలో తేల్చేస్తాడట!

క్రాషుకీ కన్నానికీ తేడా ఎందుకు అంత పల్చనో తెలియాలంటే ఆర్టీసీ బస్సెక్కాలి. విజయవాడ నుంచి హైదరాబాదు పోతున్నారు. సూర్యాపేటలో బస్సాగింది, సంచి సీట్లో వదిలేసి టీకి దిగారు. మీరిక రారనుకుని కండక్టరు మీ సంచి తీసి పక్కన పెట్టి, ఆ సీటు ఇంకొకరికిచ్చాడు. మీకా సంగతి తెలీదు. తిరిగొచ్చి, చీకట్లో చూడకుండా మీ సీటే కదా అని కూర్చున్నారు. ఎవరి ఒళ్ళోనో పడ్డారు. కేకలు, బస్సాగింది. ఇది క్రాషు. ఇప్పుడు ఇంకొకడున్నాడు, వాడికి మీ అలవాటు తెలుసు. సీట్లో ఉన్న సంచిలో చెయ్యి పెట్టి, చూడకుండా పులిహోర పొట్లం విప్పి తినేస్తారని తెలుసు. వాడు సరిగ్గా అదే రంగు సంచి, అందులో తను కలిపిన పులిహోర, అదే సీట్లో పెట్టి దిగిపోయాడు. ఇది కన్నం. మీ తప్పు రెండుచోట్లా ఒక్కటే, ఖాళీ చేసిన సీటుని ఇంకా మీదే అనుకోవడం. కెర్నెల్ తప్పుల్లో ఒక పెద్ద తెగ అచ్చం ఇలాగే ఉంటుంది. వదిలేసిన మెమరీని మళ్ళీ తనదే అనుకుని వాడటం. కాకతాళీయంగా తగిలితే పడిపోతుంది, పనిగట్టుకుని తగిలిస్తే తలుపు తెరుచుకుంటుంది.

ఓపెన్‌బీఎస్‌డీ ఎక్కడో మూలనుండే సరుకు, దాన్ని చూపించి భయపెట్టకండి అంటారా? సరే, లినక్సుకే వద్దాం. 2015 ఏప్రిల్‌లో కెర్నెల్‌లోకి ఒక చిన్న మార్పు వెళ్ళింది. పెద్ద ప్రోగ్రాముని మెమరీలోకి ఎక్కించేటప్పుడు దానికి కావలసిన మొత్తం జాగాని ముందే లెక్కెయ్యకపోవడంతో, దాని చివరి భాగం స్టాక్ కోసం వదిలిన చోటులో పడే అవకాశం ఉండేది. అది సరిచేశారు. భద్రత అన్న మాట అప్పుడు ఎవరికీ తట్టలేదు. కాబట్టి సంవత్సరాల తరబడి ఒకే కెర్నెల్ పట్టుకుని, అవసరమైన ప్యాచ్‌లే ఏరి అతికించుకునే పంపిణీదార్లు దీన్ని ఏరుకోలేదు. రెండేళ్ళు పోయాక, 2017 సెప్టెంబరులో క్వాలిస్ వాళ్ళు బయటపెట్టారు. ఈ ప్యాచ్ లేని మిషన్లో మామూలు యూజరు రూట్ అయిపోవచ్చని. రెడ్‌హ్యాట్ 6 మొత్తం, సెంటోస్ 6 మొత్తం, 7లో ఆ ఏడాది వేసవి దాకా వచ్చినవన్నీ. అంటే ఆ రోజుల్లో నాలాంటివాడు ఏ క్లయింటు దగ్గరికి వెళ్ళినా కనిపించే మిషన్లన్నీ అన్నమాట. మందు రెండేళ్ళుగా షాపులో ఉంది. సీసా మీద రోగం పేరు లేదని కొనలేదంతే.

ఈ విషయంలో లైనస్ టోర్వాల్డ్స్ మొదటినుంచీ మొండిగానే ఉన్నాడు. 2008లో ఒక మెయిల్లో, భద్రతా తప్పుల్ని వేరేగా ఊరేగించడం తనకి ఇష్టం లేదని, మామూలు తప్పుల్ని దిద్దేవాళ్ళు ఏం తక్కువ తిన్నారని అడిగాడు. అదే మెయిల్లో ఓపెన్‌బీఎస్‌డీ జనాన్ని కోతులతో పోల్చి ఒక విశేషణం కూడా తగిలించాడు. ఆడవాళ్ళూ పిల్లలూ చదివే చోట అది రాయలేను. నోటి దురుసు పక్కన పెడితే ఆయన చెప్పింది నిజమేనని నా నమ్మకం. తమాషా ఏంటంటే, ఆయన తిట్టినవాళ్ళు కూడా నమ్మేది ఇంచుమించు అదే. దాడి ఎలా చేస్తారన్నది తరవాత, తప్పు కనిపించిందా దిద్దు, అంతే అన్నదే ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళ పద్ధతి.

మా క్లయింటు దగ్గర నాతోపాటు ఒక కరీంనగర్ కుర్రాడున్నాడు, మంచి చురుకు. నా బాధ చూడలేక ఒకరోజు అన్నాడు.

"అన్నా, నీకెందుకే గీ లొల్లి? సెక్యూరిటీ అని కొట్టి పంపియ్. ఎవడు చదువుతడు?"

"ఇవాళ దీనికి కొడితే రేపు అన్నిటికీ కొట్టాలి తమ్ముడూ."

"కొడదాం. ఏం పోతది?"

ఏం పోతుందో ఈమధ్యే లోకమంతా చూసింది. 2024 ఫిబ్రవరిలో లినక్సు కెర్నెల్ బృందమే సీవీఈ నంబర్లిచ్చే అధికారం తీసుకుంది. వాళ్ళ వాదన నేను ఇంతసేపూ చెప్పిందే, కెర్నెల్ స్థాయిలో దాదాపు ఏ తప్పయినా భద్రతా తప్పు కావచ్చు, ఎవరు ఎలా వాడుతున్నారో మాకు తెలీదు, కాబట్టి అన్నిటికీ నంబరిస్తాం అని. తర్కంలో లోపం లేదు. ఫలితం మాత్రం ఏడాదికి వేల నంబర్లు. మా స్కానర్ రిపోర్టు పెళ్ళిపందిరిలా ఎర్రగా వెలిగిపోయింది. అప్పటిదాకా ముద్ర లేదని ప్యాచ్ వెయ్యని మేనేజర్లు, ఇప్పుడు ముద్రలు మరీ ఎక్కువున్నాయని వెయ్యడం మానేశారు! ముద్రని బట్టే డబ్బూ టైమూ మంజూరయ్యే చోట, ముద్రలు తగ్గించినా పెంచినా కథ అక్కడికే వస్తుంది.

మేనేజర్లని మరీ ఆడిపోసుకోవడం కూడా అన్యాయమేలెండి. ప్యాచ్ కూడా మనిషి రాసిందే. 2006లో డెబియన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి ఒక ప్యాచ్ వేశారు, ఒక పనిముట్టు చూపిస్తున్న హెచ్చరికని పోగొట్టడానికి. అది కాస్తా తాళంచెవులు తయారుచేసే యాదృచ్ఛికత మొత్తాన్నీ ఊడ్చేసింది. 2008 మే దాకా ఎవరూ గుర్తించలేదు. అంతకాలం డెబియన్, ఉబుంటు మిషన్లలో పుట్టిన తాళంచెవులన్నీ ఒక్కో రకానికి 32 వేల పైచిలుకు తాళంచెవుల గుత్తిలోంచి వచ్చినవే. గుత్తి మొత్తం ఎవరైనా ఇంట్లో కూర్చుని తయారుచేసుకోవచ్చు. కాబట్టి ప్యాచ్ అనగానే కళ్ళకద్దుకోమని నేననను. ముందు ఒక మిషను మీద వేసి చూడండి. చూసే పని త్రైమాసికానికి తొయ్యకండి.

నన్నడిగితే అసలు జబ్బు ఫారంలో లేదు, నింద పంచుకునే తీరులో ఉంది. నేను శనివారం రాత్రి ప్యాచ్ వేశాను, ఆదివారం పొద్దున ఏదో ఆగిపోయింది అనుకోండి. టికెట్టు మీద నా పేరుంటుంది. సోమవారం కాల్‌లో పదిహేనుమంది ముందు వివరణ ఇచ్చుకోవాలి. అదే ప్యాచ్ వెయ్యకుండా వదిలేశాం, ఎనిమిది నెలల తరవాత ఎవడో దూరాడు. దానికి ఎవరి పేరూ ఉండదు. హ్యాకర్లు దాడి చేశారండీ, పాపం మనమేం చేస్తాం అంటారు. చేసినవాడికి శిక్ష ఉండి, చెయ్యనివాడికి లేని చోట చెయ్యకపోవడమే తెలివైన పని. అందులోనూ మనవాళ్ళ సంగతి చెప్పాలా? కాంట్రాక్టు మూణ్ణెల్లకోసారి పొడిగింపు, దానికి కట్టేసి వీసా, వీసాకి కట్టేసి ఇంటి లోను, పిల్లల బడి. మీటింగులో చెయ్యెత్తి, ఇది స్థిరత్వం గడిలో ఉన్నా ఈ వారమే వెయ్యాలండీ అనడానికి ఎన్ని గుండెలుండాలి! అందుకే బోలెడంత తెలిసిన తెలుగువాళ్ళు ఆ కాల్స్‌లో మ్యూట్‌లో ఉంటారు. వాళ్ళకి తెలీక కాదు.

అయినా నేను రెండు మాటలు అడగడం మొదలుపెట్టాను. ముద్ర ఏంటన్నది వదిలేసి, ఈ కోడు దాకా బయటివాడు పంపిన డేటా చేరుతుందా అనేది ఒకటి. ఇది మన మిషన్లలో నిజంగా నడుస్తోందా అనేది రెండోది. రెండిటికీ అవునంటే శనివారమే. 2007 నాటి ఎంబఫ్ తప్పుని ఈ ప్రశ్నలతో చూడండి. అది దూరడానికి పనికొస్తుందో లేదో రుజువు చెయ్యాల్సిన పనే లేదు. ఐపీవీ6 అప్పుడే డిఫాల్ట్‌గా ఉంది, డేటా బయటినుంచే వస్తుంది, అయిపోయింది.

ఇలా ముద్ర చూడకుండా చేసిన పని ఎక్కడికి పోతుందో 2024 జులైలో చూశాం. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఘోరమైన కన్నం బయటపడింది. లాగిన్ గడువు దాటగానే వచ్చే సిగ్నల్‌ని అందుకునే కోడు, ఆ సమయంలో పిలవకూడని లాగింగ్ ఫంక్షన్‌ని పిలుస్తోంది. 2006లో ఒకసారి దిద్దిన తప్పే, 2020లో ఒక మార్పుతో తిరిగొచ్చింది. గ్లిబ్‌సీ ఉన్న లినక్సు మిషన్లలో ఇది రూట్ దాకా పోతుంది. ఓపెన్‌బీఎస్‌డీకి మాత్రం ఏమీ కాలేదు. ఎందుకంటే సిగ్నల్ మధ్యలో పిలిచినా లోపల కలగాపులగం కాని లాగింగ్ ఫంక్షన్‌ని వాళ్ళు 2001లోనే రాసి పెట్టుకున్నారు. ఇరవై మూడేళ్ళ ముందు! అప్పట్లో ఆ మార్పుని మా ఫారంలో నింపి ఉంటే ఏ గడిలో పడేదో మీరే చెప్పండి.

ఇక రీబూట్ భయం. కెర్నెల్ ప్యాచ్ అంటే మిషను ఆపాలి కదా అంటారు. ఓపెన్‌బీఎస్‌డీలో ఒకప్పుడు సోర్సు తెచ్చి, అతికించి, కంపైల్ చేసుకుంటే గానీ అయ్యేది కాదు. 2017లో వచ్చిన 6.1 నుంచీ సిస్‌ప్యాచ్ అని ఒక్క కమాండు చాలు, ఆపైన ఒక రీబూట్. పైగా 2004 నుంచీ దాంట్లో కార్ప్ అని ఉంది. రెండు ఫైర్‌వాళ్ళు ఒకే అడ్రసు పంచుకుంటాయి, ఒకటి పడుకుంటే రెండోది అందుకుంటుంది. పక్కనే ఉండే పీఎఫ్‌సింక్ వల్ల నడుస్తున్న కనెక్షన్లు కూడా తెగవు. మా క్లయింటు దగ్గర ప్రతిచోటా జతలే ఉన్నాయి, డబ్బు పెట్టే కొన్నారు. కానీ మార్చి చూడ్డానికి భయం. స్టెప్నీ కొని, బయటికి తీస్తే మట్టంటుతుందని డిక్కీలోనే దాచుకున్నట్టు!

కిందటి నెల మీటింగులో ఇదే అడిగాను. జతలో ఒకటి ముందు, వారం చూసి రెండోది, గడితో సంబంధం లేకుండా నెలనెలా అని. మేనేజరు చాలాసేపు ఆలోచించి, ఒక చిన్న ఆఫీసులో ఉన్న జత మీద మూణ్ణెల్లు చేసి చూపించమన్నాడు. టికెట్టు మీద తన పేరు కూడా పెట్టమన్నాడు. ఈ శనివారం రాత్రి పదకొండింటికి మొదటిది.