దుఃఖానికి గణాలెందుకు?

‘ఏడుపుకి గణాలు లెక్కపెడతారా? వచనంలో రాస్తే పోలేదా?’ ఇక్కడ బ్రిటన్‌లో మనవాళ్ల సంతాప సభల్లో ఈ మాట తరచూ వింటున్నాను. లెక్కపెట్టాలనే అంటాను, పోయినవారు పద్యకవి అయితే మరీను.

టెన్నిసన్‌నే చూడండి. కవి మిత్రుడు ఆర్థర్ హాలమ్ 1833లో వియన్నాలో 22 ఏళ్లకే చనిపోయాడు. ఆ స్మృతికావ్యం ‘ఇన్ మెమోరియమ్’ అచ్చయింది 1850లో. అన్నేళ్ల దుఃఖానికీ ఒకటే చట్రం: నాలుగు పొట్టి పాదాలు. రెండు, మూడు పాదాలకు ఒక అంత్యప్రాస. ఒకటి, నాలుగు పాదాలకు మరొకటి. మొదట మోగిన శబ్దం మధ్యలో మరుగునపడి చివర్లో మళ్లీ వినిపిస్తుంది. పోయినవాళ్లు గుర్తొచ్చేదీ అలాగే కదా!

దాన్నే తెలుగులోకి దింపక్కర్లేదు. మనకు తేటగీతి ఉంది. ద్వితీయాక్షర ప్రాస నియమం లేదు. పాదానికి అయిదు గణాలు, నాలుగో గణం మొదట యతి. మాట్లాడినట్టే సాగుతుంది. శార్దూలమైతే, నా చెవికి, సభ కోసం గొంతు పెంచినట్టుంటుంది.

ఈమధ్య దూరమైన మా మిత్రుడు యతి కుదిరే మాట కోసం అర్ధరాత్రి ఫోన్ చేసేవారు. ఆయనకు వచనంలో వీడ్కోలు చెప్పడానికి మనసొప్పలేదు. నాలుగు తేటగీతులు రాశాను. ఒకచోట యతి ఇంకా కుదరలేదు.