చవక టిక్కెట్టా, గాలమా?

మొన్న ఆఫీసులో టీ తాగుతుంటే మా టీమ్ కుర్రాడొకడు ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. "అన్నా, గోవా 1,999! ఈ రాత్రి వరకే!" లాటరీ తగిలినంత ఆనందం వాడికి. నాకు మాత్రం ఒళ్ళు మండింది. వాడి మీద కాదు, నా మీదే. పోయినేడాది అదే గాలానికి తగులుకున్న చేపని నేను.

మాది భువనగిరి. ఉద్యోగం హైదరాబాదులో. నేనూ మా ఆవిడా శని ఆదివారాలు గోవా వెళ్ళొద్దామనుకున్నాం. సైటులో మనిషికి ఒకవైపు 2,199. కూపన్ కొడితే ఇంకో 500 తగ్గింది. "500 మిగిల్చా" అని ఇంట్లో చాటింపు కూడా వేశాను. తిరిగొచ్చాక కాగితం మీద లెక్క రాస్తే తేలింది ఇదీ:

నాలుగు టిక్కెట్లు, కూపన్ పోగా: 8,296
కన్వీనియన్స్ ఫీజు (ఎవరి కన్వీనియన్సో!): 1,400
సీట్లు (నేను అడగలేదు, వాళ్ళే టిక్కు పెట్టారు): 1,200
భువనగిరి నుంచి శంషాబాద్, మళ్ళీ ఇంటికి టాక్సీ: 4,400
గోవాలో విమానాశ్రయం నుంచి హోటల్‌కి, మళ్ళీ వెనక్కి టాక్సీ: 4,800
ఎయిర్‌పోర్టులో దోసెలు, టీలు: 760
మొత్తం: 20,856

హోటల్ బిల్లు ఇందులో లేదు. మా బాపు ఆ కాగితం చూసి ఒకటే మాట అన్నాడు: "ఏందిరా, ఇమానం కన్నా ఇమానం కాడికి పోవుడే పిరమైందా?"

నిజమే. రెండు టాక్సీలు కలిపితే 9,200. టిక్కెట్లకంటే ఎక్కువ!

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రయాణం ఖర్చు మన గడప దగ్గర మొదలవుతుంది, రన్‌వే దగ్గర కాదు. తగ్గింపు వేరు, ఆదా వేరు. ఈ రెండూ ఒకటేనని మనల్ని నమ్మించడం మీదే ఆ వ్యాపారం నడుస్తోంది. 2003లో ఎయిర్ డెక్కన్ మొదలై, తర్వాత రూపాయికే టిక్కెట్టు అన్నప్పట్నుంచీ మనకి ఈ జబ్బు పట్టుకుంది. ఆ కంపెనీ పోయింది, జబ్బు మిగిలింది.

నేనూ ఈ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా. ముందే పెట్టిన టిక్కులు, చివరి పేజీలో మొలిచే ఫీజులు, "ఇన్సూరెన్స్ వద్దు, నా ప్రయాణం ఏమైపోయినా ఫర్వాలేదు" అని మనచేతే ఒప్పించే బటన్లు... ఇవేవీ పొరపాటున వచ్చినవి కావు. ఎవరో ఇంజనీరు కూర్చుని రాసినవే. ఇలాంటివి 13 రకాలు గుర్తించి, వాడకూడదని కేంద్రం 2023 నవంబర్ 30న మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి సీట్లకి టిక్కు కనిపిస్తే తీసేయడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక మనవాళ్ళ మూఢనమ్మకాలు. మంగళవారం అర్ధరాత్రి కొనాలట, ఇన్‌కాగ్నిటోలో చూస్తే చవకట! చదువుకున్నవాళ్ళే చెబుతారు ఇవి. అసలు సంగతి ఏమిటంటే, ఒకే విమానంలో సీట్లని కంపెనీ కొన్ని ధరల అరలుగా విడగొడుతుంది. చవక అర నిండితే తర్వాతి అర తెరుచుకుంటుంది. "ఇంకా 2 సీట్లే" అంటే చాలాసార్లు ఆ ధరకి రెండే అని, విమానంలో రెండే అని కాదు. దీనికి మందు ముందుగా కొనడం, పండగలూ లాంగ్ వీకెండ్లూ తప్పించడం. మంత్రాలు లేవు.

"శని ఆదివారాలు రెండే రోజులు, టైముకి విలువ లేదా?" అంటారు. ఉంది మహానుభావా, అదే నేనూ అడుగుతున్నా. చవకని 5.40 విమానం పట్టాను. రాత్రి ఒంటిగంటన్నరకి ఇల్లు వదిలాం. గోవాకి రెండు విమానాశ్రయాలు. దక్షిణాన దబోలిం, 2023 జనవరి నుంచి ఉత్తరాన మోపా. నా చవక టిక్కెట్టు మోపాకి, హోటలేమో దక్షిణాన కోల్వాలో! చూసుకోకపోవడం నా తప్పే. తీరా చేరితే గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వమన్నారు. లాబీలో సోఫా మీద కూర్చుని తూగాం. మొదటి రోజు అలా గడిచింది.

అదే పదకొండింటి విమానానికి 600 ఎక్కువైనా పెట్టుంటే? పొద్దున్నే రైల్లో సికింద్రాబాద్, అక్కణ్ణుంచి పుష్పక్ బస్సు. ఇద్దరికీ కలిపి టాక్సీ ఖర్చులో చిన్న ముక్క. హోటల్ సంగతీ అంతే. "70 శాతం తగ్గింపు" అని సైటులో 2,800కి తీసుకున్న గదికి, వచ్చేటప్పుడు రిసెప్షన్‌లో అడిగితే ఫోన్ చేసుంటే టిఫిన్‌తో కలిపి 2,300కి ఇచ్చేవాళ్ళమన్నారు. ఒక్క ఫోన్ కాల్!

ఇంకో రెండు ముక్కలు. టిక్కెట్టు రద్దు చేసినా, అసలు వెళ్ళకపోయినా, "నాన్ రిఫండబుల్" అయినా సరే, పన్నులూ విమానాశ్రయ రుసుములూ వాపసు ఇవ్వాలన్నది డీజీసీఏ నిబంధన. అడిగి తీసుకోండి. రోజుకి 7,500 లోపు హోటల్ గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు చూసుకోండి.

ఇప్పుడు అసలు మంట. ఘట్‌కేసర్ నుంచి మా భువనగిరి మీదుగా రాయగిరికి ఎమ్.ఎమ్.టి.ఎస్. పొడిగింపు, 33 కిలోమీటర్లు, 2016లో మంజూరైంది. 2022 మార్చిలో యాదాద్రి గుడి తెరిచారు, జనం పోటెత్తారు. 2024 మార్చిలో ఎమ్.ఎమ్.టి.ఎస్. ఘట్‌కేసర్ దాకా వచ్చి ఆగింది. ఎవరి వాటా ఎవరివ్వాలన్న గొడవలో మా వైపు ముక్క ఏళ్ళ తరబడి నలిగింది. మా ఊరివాడికి పట్నం ప్రయాణం, పట్నంవాడికి మా ఊరి వారాంతం, రెండూ చవకయ్యే దారి అది. 200 తగ్గింపు కోసం ఫోన్లో అలారం పెట్టుకునే మనం దాని గురించి ఒక్క అర్జీ అయినా పెట్టామా? నేనూ పెట్టలేదు. అందుకే సిగ్గుగా ఉంది.

మా కుర్రాడితో ఆ లెక్క కాగితం చూపించి చెప్పాను: "గోవా మానెయ్యమని కాదు తమ్ముడూ, గడప నుంచి లెక్కేసుకుని వెళ్ళు. లేదా ఈ ఆదివారం మా ఊరు రా. ఒకే బండరాయి మీద చాళుక్య విక్రమాదిత్యుడు కట్టించిన కోట ఉంది. 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ఆ రాళ్ళ మీదే ఎక్కడం నేర్చుకుంది. పొద్దున్నే రైలెక్కు. అన్నం మా ఇంట్లో."

వాడు కాసేపు ఆలోచించి, "కూపన్ ఏమైనా ఉందా అన్నా?" అన్నాడు.