సొంత విమానం, పరుల చెవులు

అమెరికాలో సామాన్య గృహస్థులు కొందరు తమ ఇంటి గ్యారేజీలోనే చిన్న విమానాలు కట్టుకొని ఎగురుతారని చెబితే మనలో చాలామంది నమ్మరు. అయినా అది వాస్తవం. 1953లో పాల్ పోబెరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఈ అభిరుచికి పెద్ద దిక్కు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్ పట్టణంలో ఏటా వేసవిలో ఆ సంస్థ జరిపే మేళాకు వేలాది విమానాలు దిగుతాయి. నిర్మాణంలో ప్రధాన భాగాన్ని విద్య కొఱకో, వినోదం కొఱకో స్వయంగా చేసుకొన్నవారికి అక్కడి చట్టం ‘ప్రయోగాత్మక’ తరగతిలో ఎగిరే అనుమతిని ఇస్తుంది. చేతిపనిని ఇంతగా గౌరవించే చట్టం ఉండటం నాకు సంతోషమే.

మా బంధువర్గంలో ఒక యువ ఇంజినీరు అక్కడ రెండు సీట్ల విమానాన్ని కట్టుకొంటున్నాడు. కొద్ది నెలల క్రితం ఫోనులో మాట్లాడుతూ, “తాతయ్యా, సైలెన్సరు పెట్టడం లేదు. బరువు దండుగ, ఇంజను శక్తి కూడా తగ్గుతుంది. ఖరీదైన హెడ్‌సెట్ కొన్నాను, నా చెవులకేం ఫరవాలేదు” అన్నాడు. ఇది అతని ఒక్కడి మాట కాదు. ఆ అభిరుచి గలవారిలో చాలామంది పొగగొట్టాలను ఏ అడ్డూ లేకుండా విమానం పొట్ట కిందికి వదిలేస్తారు. ఈ పద్ధతి వైద్యశాస్త్రం దృష్టిలో తప్పు. ఇరుగుపొరుగుల దృష్టిలో అంతకంటె పెద్ద తప్పు. అతనికి చెప్పినదే ఇక్కడ కొంత విస్తరించి వ్రాస్తున్నాను.

ముందుగా చెవి సంగతి. అంతర కర్ణంలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సూక్ష్మమైన రోమకణాలు బారులు తీరి ఉంటాయి. శబ్ద తరంగాలను నాడీ ప్రేరణలుగా మార్చేవి ఇవే. అధిక శబ్దానికి ఇవి అలసిపోతాయి. విశ్రాంతి దొరికితే కొంతవరకు కోలుకొంటాయి. దెబ్బ పదేపదే తగిలితే చనిపోతాయి. చనిపోయిన రోమకణం మనుష్యులలో తిరిగి పుట్టదు. పక్షులకు పుడుతుంది, మనకు పుట్టదు. ఈ నష్టం సాధారణంగా 4000 హెర్ట్‌జ్ దగ్గఱ మొదలవుతుంది. మామూలు సంభాషణకు అప్పటికి పెద్ద ఇబ్బంది ఉండదు కనుక రోగికి ఏమీ తెలియదు. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో బియ్యం మిల్లుల నుంచి, రాతి క్వారీల నుంచి వచ్చే కార్మికులను చాలామందిని చూశాను. “మాట వినబడుతుంది డాక్టరు గారూ, ఏమన్నారో తెలియదు” అనేవారు. స, శ, త, క వంటి హల్లుల పదును పోయి, అచ్చుల మ్రోత మాత్రమే మిగిలిన స్థితి అది. చాలామందికి రాత్రిళ్ళు చెవిలో కీచురాయి కూత కూడా ఉండేది. వారికి నేను ఇవ్వగలిగిన మందు ఏదీ లేదు. ఆ కార్మికులకు చప్పుడును ఎంచుకొనే స్వేచ్ఛ లేకపోయింది. గ్యారేజీలో విమానం కట్టుకొనే పెద్దమనిషికి ఆ స్వేచ్ఛ పుష్కలంగా ఉంది.

డెసిబెల్ కొలమానం మోసకారి. 3 డెసిబెల్లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. అమెరికాలో ‘నియోష్’ అనే వృత్తి ఆరోగ్య సంస్థ 85 డెసిబెల్ల శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదంటుంది. 88 అయితే 4 గంటలు, 94 అయితే ఒక గంట, 100 అయితే పావుగంట మాత్రమే. చిన్న పిస్టన్ ఇంజను విమానాల కాక్‌పిట్‌లలో 90 నుంచి 100 డెసిబెల్ల వఱకు ఉండటం సాధారణం. అంటే చెవులకు రక్షణ లేకుండా ఒక్క మధ్యాహ్నం విహరించినవాడు కొన్ని రోజులకు సరిపడే మోతాదును ఒక్కసారిగా మ్రింగినట్లే.

“అందుకే కదా హెడ్‌సెట్” అంటారు. నిజమే, శబ్దాన్ని ప్రతిశబ్దంతో రద్దుచేసే హెడ్‌సెట్లు గొప్ప ఆవిష్కరణ. 1986 డిసెంబరులో డిక్ రూటన్, జీనా యేగర్ ‘వోయేజర్’ విమానంలో ఎక్కడా ఆగకుండా, మధ్యలో ఇంధనం నింపుకోకుండా 9 రోజులలో భూమిని చుట్టివచ్చినప్పుడు, వారి వినికిడిని కాపాడటానికి బోస్ సంస్థ తయారుచేసిన నమూనా హెడ్‌సెట్లను వాడారు. 1989 నుంచి అవి పైలట్లకు అమ్మకానికి వచ్చాయి. వాటిని వద్దనే వైద్యుడు ఉండడు. అయితే అవి చివరి రక్షణ, మొదటిది కాదు. వృత్తి ఆరోగ్యశాస్త్రంలో ప్రాథమిక సూత్రం ఒకటి ఉంది. హానిని పుట్టిన చోట తగ్గించాలి, అది కుదరనప్పుడు దారిలో ఆపాలి, ఆ తరువాతనే మనిషి ఒంటికి తొడుగు తొడగాలి. తొడుగుకు లోపాలు చాలా ఉంటాయి. కళ్ళజోడు కాడ దాటిన చోట చెవి మెత్తకు సందు పడుతుంది. బ్యాటరీ అయిపోతుంది. పెద్దల హెడ్‌సెట్ పిల్లవాడి తలకు వదులుగా ఉంటుంది. ఇంకా చెప్పాలంటే, బలమైన తక్కువ పౌనఃపున్యపు మ్రోత పై పౌనఃపున్యాలను కప్పివేయడం చెవి స్వభావం. రేడియోలో వచ్చే సూచనలో హల్లులు మాయమైతే పైలటు ఒక అంకెకు మఱొక అంకె వింటాడు. కనుక చప్పుడు తగ్గించడం చెవులకే కాదు, ప్రాణాలకు కూడా రక్ష.

సరే, విమానంలో ఉన్న ఇద్దఱికీ హెడ్‌సెట్లు ఉన్నవనుకొందాము. క్రింద ఉన్నవారికి ఎవరు ఇస్తారు? ఈ వాదంలో నాకు అన్నిటికంటె అభ్యంతరకరంగా తోచేది “నా చెవులకేం ఫరవాలేదు” అనడమే. నాలుగు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 2400 చుట్లు తిరిగితే, పొగగొట్టం నుంచి సెకనుకు 80 పేలుళ్ళు వెలువడతాయి. అంటే 80 హెర్ట్‌జ్ మూలస్వరం, దాని పై గుణిజాలు. ఇంత మంద్రమైన ధ్వని గాలిలో తొందరగా అరిగిపోదు. తీక్ష్ణమైన ధ్వనులను ఇంటి గోడలు, కిటికీలు చాలావఱకు ఆపుతాయి. మంద్ర ధ్వనులను ఆపలేవు. అందువలన తలుపులు వేసుకొని పడుకొన్న రోగికి, పసిబిడ్డకు చేరేది సరిగ్గా ఈ పొగగొట్టపు మ్రోతే. పైగా మనం సాధారణంగా వాడే ‘ఎ’ తూకపు డెసిబెల్ మీటరు 80 హెర్ట్‌జ్ దగ్గఱ సుమారు 22 డెసిబెల్లను లెక్కలోంచి తీసివేస్తుంది. మీటరు మర్యాదగా చూపిన అంకెను పట్టుకొని “ఇంతే కదా” అనడం న్యాయం కాదు.

నిద్రలో మెలకువ రాకపోయినా చప్పుడుకు గుండె వేగం, రక్తపుపోటు స్పందిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో విమానశబ్దాన్ని సగటున 45 డెసిబెల్లకు లోపల, రాత్రివేళ 40కి లోపల ఉంచమని సూచించింది. ఆ సూచనకు ఆధారమైన పరిశీలనలు పెద్ద విమానాశ్రయాల చుట్టూ జరిగినవి. ఆదివారం ఉదయం ఎగిరే ఒక చిన్న విమానం వలన ఊరందఱికీ గుండెజబ్బు వస్తుందని నేను అనను, అలా అంటే అది వైద్యం కాదు, బెదిరింపు. కానీ ఒకే మైదానం చుట్టూ దిగుతూ, లేస్తూ గంటలకొద్దీ తిరిగే అభ్యాస విమానాల క్రింద నివసించేవారి చిరాకు ఊహాజనితం కాదు.

ఫ్యాక్టరీలో తయారై ధ్రువీకరణ పొందే చిన్న ప్రొపెల్లరు విమానాలకు అమెరికాలో శబ్ద పరిమితులు ఉన్నాయి. ఇంట్లో కట్టిన ప్రయోగాత్మక విమానాలకు ఆ పరీక్ష లేదు. ఆ మినహాయింపు కట్టేవాడి మీద ఉంచిన నమ్మకం. దానిని చప్పుడు చేసే హక్కుగా తీసుకోవడం ఆ నమ్మకానికి ద్రోహం. జర్మనీవారు ఆ భారాన్ని మనస్సాక్షికి వదలలేదు. రద్దీ గల చిన్న విమాన మైదానాలలో అదనపు శబ్దరక్షణ లేని విమానాలకు కొన్ని వేళల్లో, ముఖ్యంగా వారాంతాలలో, ఆంక్షలు పెట్టారు. దానితో అక్కడ విమానాలకు సైలెన్సర్ల వాడకం పెరిగింది. మన నగరాలలో కుఱ్ఱవాళ్ళు బుల్లెట్ బండ్ల సైలెన్సర్లు మార్చుకొని తిరిగితే పోలీసులు వాటిని ఊడదీసి రోడ్డు రోలరు క్రింద తొక్కించారు. ఆ కుఱ్ఱవాళ్ళను తిట్టే మన విద్యావంతులే విదేశాలకు వెళ్ళి ఆకాశంలో ఆ పనే చేస్తే దానిని అభిరుచి అనాలా?

ఇక వారి వాదాలు. అన్నిటిలో బలమైనది ప్రొపెల్లరును గుఱించినది. ఇంజనుకు నేరుగా బిగించిన రెండు రెక్కల ప్రొపెల్లరు 2400 చుట్ల దగ్గఱ తానూ సెకనుకు 80 సార్లే గాలిని కొడుతుంది. రెండు ధ్వనుల మూలస్వరం ఒకటే కావడం వలన ఏది ఎంతో చెవికి తేల్చడం కష్టం. రెండూ సమానంగా ఉన్నప్పుడు ఒకదానిని పూర్తిగా అణచివేసినా మొత్తం మీద తగ్గేది 3 డెసిబెల్లే. కనుక “సైలెన్సరు దండుగ” అంటారు. ఇది సగం లెక్క. మిగతా సగం, ప్రొపెల్లరును కూడా నెమ్మదింపజేయాలన్నది. 1.83 మీటర్ల ప్రొపెల్లరు 2700 చుట్లు తిరిగితే దాని కొస సెకనుకు దాదాపు 259 మీటర్ల వేగంతో పోతుంది, 2400కు తగ్గిస్తే 230. కొస వేగం కొద్దిగా తగ్గినా చప్పుడు బాగా తగ్గుతుంది. రొటాక్స్ 912 వంటి ఇంజనులు గేర్ల ద్వారా ప్రొపెల్లరును నెమ్మదిగా త్రిప్పుతాయి, వాటికి సైలెన్సరు మామూలుగానే ఉంటుంది. రెండు రోగాలున్నవాడికి రెండింటికీ చికిత్స చేస్తాము కాని, ఒకదానికి చేస్తే చాలదు కనుక రెండూ మానేయము.

ఇది సాధ్యమేనని ఎప్పుడో తేలింది. 1940ల చివరలోనే అమెరికా వైమానిక పరిశోధనా సంస్థ నాకా ఒక స్టిన్సన్ విమానానికి సైలెన్సరు, నెమ్మదిగా తిరిగే ఐదు రెక్కల ప్రొపెల్లరు అమర్చి, నేలమీద వినబడే చప్పుడు ఎంతో తగ్గుతుందని కొలిచి చూపింది. వియత్నాం యుద్ధంలో లాక్‌హీడ్ వారి వైఓ-3ఎ గూఢచారి విమానం ఇదే సూత్రాలతో శత్రువు తలపై నుంచి రాత్రివేళ చడీచప్పుడు లేకుండా పోయేది. శత్రువు చెవికి చూపిన శ్రద్ధలో కొంతైనా పక్కింటి ముసలమ్మ చెవికి చూపరాదా?

శక్తి, బరువుల సంగతి త్వరగా ముగిస్తాను. చాలినంత ఘనపరిమాణం గల సైలెన్సరులో శక్తినష్టం స్వల్పం. ఇరుకుగా చేసినదానిలోనే ఎక్కువ. బరువు కొద్ది కిలోలు. ఈ అభిరుచి గల మధ్యవయస్కులలో చాలామంది ఆ కొద్ది కిలోలను నడుము దగ్గఱ తగ్గించుకొంటే విమానానికీ, గుండెకూ మేలని వైద్యునిగా మనవి.

సైలెన్సరు పగులుతుందన్నది మాత్రం తీసివేయదగిన మాట కాదు. పొగ 700 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడితో వస్తుంది, ఇంజను అదురుతూ ఉంటుంది. లోపలి అడ్డురేకు విఱిగి దారికి అడ్డుపడితే ఇంజను శక్తి పడిపోతుంది. పైన క్యాబిన్ వెచ్చదనం కొఱకు చుట్టిన తొడుగు ఉండి, క్రింద గొట్టం పగిలితే కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరుతుంది. ఆ వాయువు రక్తవర్ణకాన్ని ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా బలంగా పట్టుకొంటుంది. 2019 జనవరిలో ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఎమిలియానో సలా ప్రయాణించిన పైపర్ మాలిబు విమానం ఇంగ్లీషు ఛానెల్‌లో కూలినప్పుడు, ఆయన రక్తవర్ణకంలో 58 శాతం ఈ వాయువుతో నిండి ఉన్నట్లు బ్రిటిషు దర్యాప్తులో తేలింది. అది ఇంట్లో కట్టినది కాదు, ఫ్యాక్టరీ విమానం. అయితే వట్టి పొగగొట్టం కూడా పగులుతుంది, దానికి కూడా వెచ్చదనపు తొడుగు చుడతారు. కనుక ఈ ప్రమాదానికి మందు సైలెన్సరును తీసివేయడం కాదు. వేడికి తట్టుకొనే స్టెయిన్‌లెస్ ఉక్కునో, ఇంకొనెల్ లోహాన్నో వాడాలి. వ్యాకోచానికి వీలుగా జారే అతుకులు పెట్టాలి. బరువును విమానపు చట్రానికి కాక ఇంజనుకే ఆనించాలి. తరచుగా విప్పి చూడాలి. శబ్దంతో హెచ్చరించే కార్బన్ మోనాక్సైడు పరికరాన్ని సైలెన్సరు ఉన్నా లేకున్నా పెట్టుకోవాలి. రెక్కలోని ప్రతి రివెట్టును తన చేతితో కొట్టినవానికి ఇవేమీ కష్టమైన పనులు కావు.

మా యువకునికి నేను మఱొకటి కూడా చెప్పాను. మొదటి ఎగురుడుకు ముందే, రెండు రోజులు పెద్ద చప్పుళ్ళకు దూరంగా ఉండి, శ్రవణ పరీక్ష చేయించి ఆ ఆడియోగ్రామ్‌ను భద్రపఱచుకొమ్మన్నాను. ఏటా అదే పరీక్ష చేయించి పాతదాని ప్రక్కన పెట్టి చూడాలి. 3000 నుంచి 6000 హెర్ట్‌జ్ మధ్య గీత 10 డెసిబెల్లు క్రిందికి దిగినా, ఎగిరి దిగిన రాత్రి చెవిలో కూత వినిపించినా, మరుసటి వారం ఎగరకుండా చెవి వైద్యుని కలవాలి. ప్రక్క సీటులో కూర్చొనే భార్యకు, అప్పుడప్పుడు ఎక్కే పిల్లలకు కూడా ఈ పరీక్ష చేయించాలి.