వేదాంత విద్యార్థి ఏ పుస్తకం ముందు కొనాలి?



గద్వాల, వనపర్తి అనగానే సాహిత్యాభిమానులకు సంస్థానాలు, ఆస్థాన కవులు, అవధానాలు స్ఫురిస్తాయి. విద్వద్గద్వాల అన్నది ఉత్తమాట కాదు. అయితే ఈ రెండు ఊళ్ళలోనూ, పక్కనున్న నాగర్‌కర్నూలులోనూ మరొక చదువు కూడ తరతరాలుగా సాగుతున్నది. అది బైబిలు చదువు. మన సాహిత్య చర్చలలో దాని ప్రస్తావన అరుదు.

ఈ ప్రాంతంలో ఆ చదువును నాటినవారిలో ముఖ్యులు మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు. 1860లో, నేటి యుక్రెయిన్ గడ్డమీద పుట్టిన సంఘం వారిది. శిశువులకు బాప్తిస్మం కూడదని, ఖడ్గం పట్టరాదని 16వ శతాబ్దిలో నిలబడిన మెన్నో సైమన్స్ వారి మూలపురుషుడు. 1937లో అమెరికన్ బాప్తిస్టుల నుండి మహబూబ్‌నగర్, గద్వాల పట్టుల పని కూడ వీరి చేతికి వచ్చింది. నా వద్ద తెలుగు చదువుకొన్న పిల్లలలో కొందరు నేడు ఇక్కడి పల్లెల్లో పాస్టర్లు. "సార్, వేదాంతం చదవాలంటే ఏ పుస్తకాలు కొనమంటారు?" అని వారు అడుగుతుంటారు. వారి రాబడి స్వల్పం. తప్పు పుస్తకం కొంటే నష్టపోయేది డబ్బు మాత్రమే కాదు. ఆదివారం నాడు కూలి మానుకొని వచ్చి కూర్చొనేవారందరూ ఆ పుస్తకాన్నే వింటారు. కనుక నాకు తోచిన క్రమం ఇక్కడ వ్రాస్తున్నాను.

"బైబిలు ఒక్కటి చాలదా?" అనేవారికి ముందుగా సమాధానం చెప్పాలి. తెలుగు బైబిలు చేతబట్టినవాడు అప్పటికే అనువాదకుని వ్యాఖ్య మీద ఆధారపడినట్లే. "నీతి" అన్న మాటనే తీసుకోండి. శతకాలు చదువుకొన్న మనకు నీతి అంటే నడవడి, లోకజ్ఞత. పౌలు పత్రికలలో ఆ మాట వచ్చేచోట దేవుని ఎదుట నిర్దోషిగా నిలవడమనే అర్థం ప్రధానం. ఈ తేడా తెలియనివాడు రోమా పత్రికను సుమతీ శతకంలా బోధిస్తాడు. "వేదాంతం" అన్న పేరు సంగతి కూడ అంతే. ఉపనిషత్తులకు చెందిన ఆ పేరును ప్రొటెస్టెంట్లు అరువు తెచ్చుకొన్నారు. కతోలికులు దైవశాస్త్రం అంటారు. మల్లినాథసూరి వ్యాఖ్య లేకుండా మేము రఘువంశం చదవలేదు. మూలం మీద గౌరవం ఉన్నవాడే వ్యాఖ్యానం వెదుకుతాడు.

కనుక మొదటి ఖర్చు రెండు అనువాదాల మీద. గ్రాంథిక ఛాయలున్న పాత అనువాదం ఒకటి, వాడుక భాషలోనిది ఒకటి. ఒకే అధ్యాయాన్ని పక్కపక్కన పెట్టుకొని చదివితే, ఎక్కడ మాటలు వేరవుతున్నాయో అక్కడ ఆలోచించవలసిన విషయం ఉన్నదని తెలుస్తుంది. ఆపైన వ్యాఖ్యానం. ఫాదర్ పూదోట జోజయ్యగారి బైబులు భాష్య సంపుటావళి తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఆయన కతోలికుడు కదా అని మా బాప్తిస్టు, మెన్నొనైటు పిల్లలు జంకుతారు. జంకనక్కరలేదు. భేదమున్న చోట గీత గీసుకొని, ఎందుకు భేదమో వ్రాసుకొంటే అదే ఒక పాఠం.

రెండవది చరిత్ర. 325లో నికేయా సభ, 451లో కల్కెదోను సభ, 1517లో లూథరు తిరుగుబాటు ఏ ప్రశ్నల మీద జరిగినవో చెప్పే పుస్తకం ఒకటి తప్పక ఉండాలి. అది లేనివాడు తన సంఘపు అలవాటునే అపొస్తలుల ఆజ్ఞ అనుకొంటాడు.

మూడవది తెలుగువారి రచన. పింగళి ఎల్లనార్యుని తోభ్యచరిత్ర కాలం మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు గాని, బైబిలు కథ తెలుగు ప్రబంధంగా ఎట్లు నడుస్తుందో అందులో చూడవచ్చు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు అక్షరం రానివారికి సిద్ధాంతాన్ని నోటికి నేర్పాయి. జాషువ క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఇవి "సాహిత్యం" అని పక్కన పెట్టి, అనువాదపు కరపత్రాలను "వేదాంతం" అనడం నాకు నచ్చదు.

నాలుగవది ఈ నేలను ఎరిగిన పుస్తకం. నెల్లూరివాడైన పాండిపెద్ది చెంచయ్య తన మిత్రులతో కలిసి 1938లో తెచ్చిన సంపుటి, భారతీయుడు క్రీస్తును తన కళ్ళతో చూడవచ్చునని వాదించింది. పాల్ హీబర్ట్ (1932–2007) శంషాబాదులో మిషనరీ ఇంట పుట్టి, మన పాలమూరు పల్లెల్లో పనిచేసి, కొండూరు అనే గ్రామం మీద 1971లో పుస్తకం వెలువరించాడు. ఆయన రచనల్లో ఒక ఘట్టం ఉన్నది. ఊరిలో మశూచి వచ్చింది. మైసమ్మకు దున్నపోతును బలి ఇవ్వడానికి ఊరంతా చందా వేసుకొంటే క్రైస్తవులు ఇవ్వలేమన్నారు. అంతలో ఒక క్రైస్తవ బాలికకే జబ్బు చేసింది. సంఘపెద్ద నడిచివచ్చి ప్రార్థన చేయమన్నాడు. పైన దేవుడు, కింద విజ్ఞానశాస్త్రం అని చదువుకొని వచ్చిన తనకు, ఆ రెంటి నడుమ పల్లె ఎరిగిన లోకానికి సమాధానం లేదని హీబర్ట్ గ్రహించాడు. 1982 నాటి ఆయన ప్రసిద్ధ వ్యాసం ఈ నడిమి లోకాన్ని గూర్చినదే. పాశ్చాత్య గ్రంథాలు వదిలిపెట్టిన ఆ ప్రశ్న మన పల్లె పాస్టరుకు నేటికీ గుమ్మంలోనే ఎదురవుతుంది. చిక్కల్లా చెంచయ్య, హీబర్ట్ ఇద్దరూ ఇంగ్లీషులో వ్రాయడం. ఇంగ్లీషు వచ్చినవాడు చదివి పక్కవానికి తెలుగులో చెప్పాలి.

అంగట్లో పుస్తకం తిరగేసేటప్పుడు మూడు పరీక్షలు చాలు. ప్రతిపక్షం వాదాన్ని, ఆ పక్షంవాడు "ఔను, నా మాట ఇదే" అనేటట్లు చెప్పినదా? వచనాన్ని దాని ముందువెనుకలతో కలిపి చూపినదా? కానుక ఇస్తే రెట్టింపు వస్తుందని ఆశ పెట్టకుండా ఉన్నదా? మూడవదానిలో తప్పిన పుస్తకాన్ని ఊరికే ఇచ్చినా పుచ్చుకోవద్దంటాను. అప్పులున్న రైతు, కూలి తల్లి ఆ మాట నమ్మి ఇచ్చేది బియ్యపు డబ్బు.

ముగ్గురు పాస్టర్లు కలిసి పైకం పోగుచేస్తే ఇవన్నీ ఒక పెట్టెలో పట్టే గ్రంథాలయమే. మిత్రులలో ఎవరి ఇంటనైనా పాత తెలుగు క్రైస్తవ గ్రంథాలు చెదలు పట్టకుండా మిగిలి ఉంటే యూనికోడులోకి ఎక్కించండి. కొనలేనివానికి అంతకంటె మేలైన సహాయం లేదు.